లేచి కూర్చున్న మనిషి

“లేచాడు. ఈ రెండు కళ్ళతో చూశాను. లేచాడు, లేచి మళ్ళీ కూర్చున్నాడు!”

కాలేజీ నుంచి బయల్దేరిన దగ్గర్నుంచి ఆడపడుచు ఈ మాట అంటూనే ఉంది. బస్సులో అంది, గుమ్మంలో చెప్పులు విప్పుతూ అంది, ఇప్పుడు నడవాలో కుర్చీ లాక్కుని కూర్చుని అంటోంది.

“అసలు లేవకపోయినా ఒక అందం. కాలు తిమ్మిరెక్కిందని సర్దుకోవచ్చు, వినబడలేదని దులిపేసుకోవచ్చు. లేచి కూర్చోవడం ఏంట్రా తమ్ముడూ? అంతమంది చూస్తుండగా పెళ్ళాం పరువు నిలబెట్టి మరీ పడగొట్టావు కదరా!”

తమ్ముడంటే కళ్ళజోళ్ళ దుకాణం ఆయన. ఇంటి ముందు గదే ఆయన దుకాణం. మధ్య తలుపు తోసుకుని అందులోకి వెళ్ళి, బల్లదీపం వేసుకుని, ఎవరిదో విరిగిన ఫ్రేము చేతిలోకి తీసుకున్నాడు.

“చూడండి, తేలు కుట్టిన దొంగలా ఎలా జారుకున్నాడో!”

ఈ మాటకు వంటింట్లోంచి గిన్నె ఒకటి గట్టిగా చప్పుడు చేసింది. అక్కడ ఆయన భార్య, పిన్ని ఉంది.

పిన్ని అన్నది కాలేజీలో పిల్లలు పెట్టిన పేరు. కొడుకు ఈడు వాళ్ళతో బెంచీ మీద కూర్చుని డిగ్రీ చదివిన మనిషిని వాళ్ళు ఇంకేమని పిలుస్తారు? వినీ వినీ చివరకు మాస్టార్లు కూడా “పిన్నిగారూ, మీ రికార్డు ఏదండీ?” అనడం మొదలుపెట్టారు. మనకూ ఆ పేరే అలవాటైపోయింది.

తల్లీకొడుకులు ఒకే ఏడాది డిగ్రీ పూర్తిచేశారు. వాడు ఫిజిక్సు, ఆమె బోటనీ. వరండాలో ఎదురుపడితే ఒకరినొకరు ఎరగనట్టు పోవాలని మొదటిరోజే వాడు ఆమె చేత ఒట్టు వేయించుకున్నాడు. ఆకలేసినప్పుడు మాత్రం ఆ ఒట్టు తీసి గట్టున పెట్టేవాడు.

ఇక ఇవాళ జరిగిన సంగతి. ఆ కాలేజీలో ఒక ఆచారం ఉంది. చివరి రోజున చదువు పూర్తయిన పిల్లలు ఒక్కొక్కరే మైకు ముందుకొచ్చి, రేపటి నుంచి ఏం చేయబోతున్నారో చెప్పాలి. చెప్పగానే హాల్లో వాళ్ళ ఇంటివాళ్ళు లేచి నిలబడాలి. చప్పట్లూ లేవు, దండలూ లేవు. లేచి నిలబడటమే. నీ వెనక మేమున్నాం అని దానర్థం. మనసులో ఇష్టం ఉన్నా లేకపోయినా లేస్తారు. బ్యాంకు పరీక్షలు రాస్తానన్న అమ్మాయికీ లేచారు, కోళ్ళఫారం పెడతానన్న అబ్బాయికీ లేచారు. ఒక కుర్రాడు “ఇంకా ఏమీ అనుకోలేదండీ” అంటే వాళ్ళ నాన్న అందరికంటే గబుక్కున లేచాడు, పాపం.

అబ్బాయి వంతు ముందొచ్చింది. “నాటకాల బృందంతో వెళ్తున్నాను. స్టేజీకి లైట్లు వేస్తాను” అన్నాడు. నెల్లాళ్ళు ఇల్లంతా రణరంగమయ్యాక ఒప్పుకున్న సంగతి అది. డిగ్రీ చదివి దీపాలు మోస్తావా అని అరిచిన తండ్రి లేచాడు, మేనత్త లేచింది. లేవలేని నానమ్మను పిన్ని రెండు చంకల కిందా చేతులు వేసి లేపి నిలబెట్టింది.

తర్వాత బోటనీ వాళ్ళను పిలిచారు. అబ్బాయి దిగొచ్చి తండ్రి పక్కన కూర్చున్నాడు. పిన్ని మెట్లెక్కింది.

ఆమె ఏం చెప్పాలో అద్దం ముందు సాధన చేసుకునే వెళ్ళింది. “ఇంటిపట్టున ఉండి దుకాణంలో సాయంగా ఉంటాను” అని. ఇంట్లో అందరూ అనుకుంటున్నదీ అదే, అనుకోవడమైనా కాదు, అసలు ఆలోచించను కూడా లేదు. కానీ మైకు దగ్గరకొచ్చేసరికి నోరు దాని దారిన అది పోయింది.

“ఎమ్మెస్సీకి వెళ్తున్నాను. కొండమీది యూనివర్సిటీలో, విత్తనాల మీద. సీటొచ్చింది. హాస్టల్లో ఉండి చదువుకుంటాను. రెండేళ్ళు.”

లైట్ల వెలుగు కళ్ళల్లో పడి మొహాలు కనబడలేదు కానీ, భర్త ఆకారం లేవడం ఆమె చూసింది. సంతోషం పట్టలేక మైకు ముందే నవ్వేసింది. అంతలో ఆ ఆకారం కిందికి దిగిపోయింది.

హాల్లో జనమంతా ఆమె ఇంటివాళ్ళ వైపు తిరిగి చూశారు. పిన్ని వినయంగా నమస్కారం పెట్టి మెట్లు దిగి వచ్చేసింది.

*

“నన్నంటారేంటమ్మా?” ఆడపడుచు ఇప్పుడు తల్లి మీదికి తిరిగింది. “ఇంటి మగాడు కూర్చున్నాక నేనెలా లేస్తాను? నేను లేస్తే వాడికి పోటీగా లేచినట్టు ఉండదూ?”

“నిన్నెవరన్నారే?” మంచం మీది ముసలావిడ విసుక్కుంది. “నువ్వే అంటున్నావు, నువ్వే జవాబు చెప్పుకుంటున్నావు.”

“నువ్వు మాత్రం లేచావా?”

“నన్ను లేపే మనిషి స్టేజీ మీద ఉంది కదే! నేనెలా లేవనూ?”

వంటింట్లో పిన్ని ఈ మాట విన్నది. నవ్వొచ్చింది. నవ్వు పూర్తి కాకుండానే ఏడుపొచ్చింది. టీ పొంగి స్టవ్వు మీద పడింది.

“పక్కనే కూతుర్ని పెట్టుకుని...” ముసలావిడ ఇంకా అంటూనే ఉంది.

“నాకు నడుం నొప్పి. నీకు తెలీదూ?”

“తెలుసు. నీ నడుం సంగతి నాకు పుట్టినప్పట్నుంచీ తెలుసు.”

పిన్ని టీ తెచ్చి ఇద్దరికీ ఇచ్చింది. ఆడపడుచు కప్పు అందుకుని గొంతు తగ్గించింది.

“ఏం మరదలా, అంత మాట ముందు ఇంట్లో చెప్పొద్దూ? వాడికి తెలిసుంటే సిద్ధపడేవాడుగా. మైకులో వినాల్సిన సంగతా అది?”

“చెబుదామనే అనుకున్నాను వదినా. నెల్లాళ్ళ నుంచీ.”

“మరి?”

“సందు దొరకలేదు. అబ్బాయి విషయం తేలాక చెబుదామనుకున్నా. అది తేలిన రోజు ఆయన చాలా అలిసిపోయున్నారు. ఆ మర్నాడు అత్తయ్యకు జ్వరం.”

అబ్బాయి విషయంలో నెల్లాళ్ళూ వచ్చి పంచాయితీ చేసింది ఆడపడుచే మరి. కప్పులోకి చూసుకుంటూ టీ ఊదుకుంది.

“ఇంతకీ వెళ్తావా?” అంది చివరకు.

“రేపు పొద్దున్నే అక్కడి మాస్టారికి ఫోను చేసి చెప్పాలి. రానంటే సీటు తర్వాతి వాళ్ళకు ఇచ్చేస్తారట.”

“అయ్యో, రేపే?”

“వెళ్ళనీవే” అంది ముసలావిడ. ఏ కోడలికి ఏ అత్తా ఇవ్వని దీవెన ఇస్తున్నానన్న గర్వం కాస్త ఉంది ఆ గొంతులో. వెంటనే, “మరి నాకు నీళ్ళెవరు పోస్తారు?” అని కూడా అంది.

ఈ ఇంట్లో అసలు చిక్కు అదే. కళ్ళజోళ్ళాయన వారంలో సగం రోజులు బళ్ళకు వెళ్ళి పిల్లల కళ్ళు పరీక్షించి వస్తాడు. అది లేకపోతే దుకాణం నడవదు. ఆడపడుచుకు తన సంసారం, తన నడుం. ఆయన లేనప్పుడు ముసలావిడ దగ్గర ఒక మనిషి ఉండి తీరాలి. చదువుకునే రోజుల్లో తల్లీకొడుకులు క్లాసుల మధ్య వంతులేసుకుని ఇంటికొచ్చి నెట్టుకొచ్చారు, ఇకమీదట ఆ మనిషి పిన్ని. “ఇంట్లో మీ అమ్మ ఉందిగా, నువ్వెళ్ళు” అనే కదా తండ్రి కొడుకును నాటకాలకు వదిలింది.

అబ్బాయి ఎక్కడా కనబడలేదు. మేడ మీద ఉన్నాడని ఆడపడుచు చెప్పింది. “వాడూ మొహం మాడ్చుకుని ఉన్నాడు. ఉండడూ పాపం, తల్లికి జరిగిన అవమానం!”

*

దుకాణంలో ఒక పెద్దమనిషి కూర్చుని ఉన్నాడు. కొత్త కళ్ళజోడు పెట్టుకుని గోడ మీది అక్షరాలు చదువుతున్నాడు. పిన్నిని చూడగానే నమస్కారం పెట్టాడు.

“వెళ్ళిపోతున్నారటగా అమ్మా! మా మనవరాలు హాల్లోనే ఉంది, వచ్చి చెప్పింది. ఇక మా మొహాలకు ఏ ఫ్రేము నప్పుతుందో ఎవరు చెబుతారు? ఈయన ఏది పెట్టినా బావుందంటాడు.”

కబురు బస్సుకంటే ముందే వచ్చిందన్నమాట. పిన్ని ఏదో నవ్వు నవ్వింది. కళ్ళజోళ్ళాయన ఆ పెద్దమనిషి చెవుల వెనక ఫ్రేము కాడలు వంచి, సరిచూసి, గుడ్డతో అద్దాలు తుడిచి, నెమ్మదిగా సాగనంపాడు. ఇంకా నెమ్మదిగా చేయడానికి వీలుంటే అదీ చేసేవాడే. ఆ పెద్దమనిషి మెట్లు దిగేదాకా పిన్ని ఆగింది.

“అడుగుతున్నాను. ఎందుకు కూర్చున్నారు?”

ఆయన చిన్న స్క్రూడ్రైవరు తీసుకుని ఇందాకటి విరిగిన ఫ్రేము మీదికి వంగాడు.

“మిమ్మల్నే.”

“కూర్చున్నాను. అంతే.”

“అంతేనా? లేచారు కదా. ఎవరో లేవమన్నట్టు లేచి, ఎవరో కూర్చోమన్నట్టు కూర్చున్నారే. అది నాకు తెలియాలి.”

ఆయన చేతిలోంచి ఫ్రేము బిగించే మర జారి బల్ల కింద పడింది. వంగి వెతుక్కున్నాడు. చాలాసేపు వెతికాడు. ఇంత చిన్న మరలను చూడకుండా వేళ్ళతోనే పట్టుకోగల మనిషి.

“రెండేళ్ళన్నావు” అన్నాడు బల్ల కిందినుంచే.

“అన్నాను.”

“నాకు ఇష్టం లేకపోయింది. కూర్చున్నాను.”

పిన్నికి చెంప మీద కొట్టినట్టయింది. ఈ మాట వినడానికే వచ్చింది, అయినా విన్నాక తట్టుకోలేకపోయింది. ఎదుటి మనిషి నోట రాకూడదనుకున్న మాటను మనమే తవ్వి తీయించుకుంటాం.

“ఇన్నేళ్ళూ నన్ను కాలేజీకి పంపింది మీరే కదండీ! పరీక్షల రోజుల్లో వంట కూడా మీరే చేశారు. అదంతా ఉత్తుత్తిదేనా? ఇంట్లో ఉండి చదువుకుంటే సరదా, బయటికి వెళ్తానంటే కష్టమూనా?”

“అనుకో.”

“ఏమిటి అనుకునేది?”

“అలాగే అనుకో.” ఆయన లేచి బల్ల ముందు కూర్చున్నాడు. మర దొరికింది. “నాకిష్టం లేదు. అయితే మానేస్తావా?”

పిన్నికి అత్తగారి స్నానం, ఆయన క్యారేజీ, గోడ మీది అక్షరాలు, అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. తర్వాత హాల్లో జనమంతా తిరిగి చూడటం గుర్తొచ్చింది.

“మానను” అంది. “వెళ్తాను. ఇన్నాళ్ళూ మీరేమంటారోనని భయపడ్డాను. అనేశారుగా. ఇంక నాకు భయం లేదు. వెళ్తాను.”

“ఊఁ” అన్నాడు కళ్ళజోళ్ళాయన. తిరిగి ఫ్రేము మీదికి వంగాడు. ఆయన మొహంలో కోపం లేదు, బాధ కూడా లేదు, ఏదో బరువు దించుకున్నట్టుంది. పిన్ని ఆ వేడిలో అది గమనించి కూడా పట్టించుకోలేదు.

*

కోపం మనిషికి ఎంత బలమిస్తుందో పిన్నిని ఆ సాయంత్రం చూడాలి. అటక మీది పెట్టె తనే దింపింది. దుమ్ము దులిపింది. బట్టలు మడిచింది. ఉతికినవి ఇటు, ఉతకనివి అటు విసిరింది. భూతద్దాన్ని తువ్వాల్లో చుట్టి మధ్యలో పెట్టింది. రేపు పొద్దున మాస్టారికి ఏం చెప్పాలో పైకే అంటూ పెట్టె చుట్టూ తిరిగింది. “వస్తున్నానండీ. తప్పకుండా వస్తున్నాను.” అన్నకొద్దీ ఆ మాట నోటికి హాయిగా అలవాటవుతోంది.

ఆడపడుచు గుమ్మంలో నిలబడి చూసి, “అలిగి పుట్టింటికి పోయేవాళ్ళను చూశాను గానీ, అలిగి యూనివర్సిటీకి పోయేదాన్ని నిన్నే చూస్తున్నాను తల్లీ” అంది. నవ్వు ఆపుకోలేక ఇద్దరూ నవ్వారు. ఆవిడ ఇంటికి వెళ్తూ వెళ్తూ, “వారానికి రెండుసార్లు నేనొచ్చి అమ్మకు నీళ్ళు పోస్తాలే. నడుం పోతే పోనీ” అని గొణిగి పోయింది. మిగతా రోజుల మాట ఆవిడా ఎత్తలేదు, పిన్నీ అడగలేదు.

పొద్దు వాలుతుండగా అబ్బాయి మేడ దిగి వచ్చాడు. చేతిలో తాడు ఉంది. లైట్లు కట్టడానికి వాడు నేర్చుకున్న ముళ్ళు ఇప్పుడు ఇంట్లో ప్రతి వస్తువు మీదా ప్రయోగిస్తున్నాడు.

“పెట్టె గొళ్ళెం సరిగ్గా పడదమ్మా. తాడు కడతాను.”

“కట్టు నాన్నా. నువ్వైనా ఉన్నావు నాకు.”

వాడి చేయి ఆగింది.

“మీ నాన్న ఏమన్నారో విన్నావా? ఇష్టం లేదట! నోరు తెరిచి అనేశారు. పోనీలే, నీ ప్రయాణం నీది, నా ప్రయాణం నాది. ఒకే రోజు వెళ్దామా? స్టేషన్లో కూడా ఎరగనట్టే ఉంటాలే.”

వాడు నవ్వలేదు. పెట్టె పక్కన నేల మీద కూర్చున్నాడు. తాడు వేళ్ళకు చుట్టుకుంటున్నాడు, విప్పుతున్నాడు.

“అమ్మా, నాన్న కూర్చోలేదు.”

“నేను చూశాను కదరా.”

“కూర్చోలేదు. నేను కూర్చోబెట్టాను.”

పిన్నికి అర్థం కాలేదు. మడుస్తున్న తువ్వాలు అలాగే పట్టుకుని నిలబడింది.

“నువ్వు ఎమ్మెస్సీ అనగానే నాన్న లేచాడు. చివరిదాకా వినకుండానే లేచాడు. నువ్వు హాస్టలు అన్నావు, రెండేళ్ళన్నావు. నాకు... నాన్న నాతో ఏమన్నాడో గుర్తొచ్చింది. ‘మీ అమ్మ ఉందిగా, నువ్వెళ్ళు’ అన్నాడు కదా. నువ్వు వెళ్తే నేను ఉండిపోవాలి కదమ్మా. నానమ్మ దగ్గర ఎవరో ఒకరు ఉండాలిగా. చొక్కా పట్టుకుని లాగేశాను. ‘నాన్నా కూర్చో, నా సంగతేంటి’ అన్నాను. గట్టిగా లాగాను. ఆయన కూలబడ్డాడు.”

“నువ్వా?”

“ఆలోచించి చేయలేదమ్మా. చేయి దానంతటదే పోయింది. మళ్ళీ లేస్తాడనుకున్నా. నా మొహంలోకి చూశాడు, అలాగే ఉండిపోయాడు. అప్పటికే నువ్వు దిగేస్తున్నావు.”

వాడు ఏడుస్తున్నాడు. మీసాలొచ్చిన కొడుకు ఏడిస్తే ఎలా ఊరుకోబెట్టాలో ఆమెకు తెలియలేదు. చిన్నప్పుడైతే ఎత్తుకునేది.

“ఇందాక అత్త ఉన్నంతసేపూ నాన్నను అంటూనే ఉంది. మేడ మీదికి అన్నీ వినబడ్డాయి. నాన్న ఒక్కమాటైనా నా పేరు ఎత్తుతాడేమోనని చూశా. ఎత్తలేదు. నీకు కూడా చెప్పలేదు కదూ?”

“లేదు.”

“నేను ఉండిపోతాలే అమ్మా. బృందం వాళ్ళకు చెప్పేస్తా. నువ్వెళ్ళు.” అన్నాడు గానీ, ఆ మాట అంటున్నప్పుడు వాడి మొహం ఎలా వాడిపోయిందో తల్లి చూసింది.

మధ్యాహ్నం నుంచి ఆమెను నిలబెట్టి నడిపించిన కోపం ఎటుపోయిందో పోయింది. భర్త మీద అయితే ఎన్ని మాటలైనా ఉన్నాయి. కొడుకు మీద ఒక్కటీ దొరకలేదు. పిన్ని తువ్వాలు పెట్టె మీద పెట్టి దుకాణం వైపు నడిచింది.

ఆయన షట్టరు సగం దించి, బల్ల మీది పనిముట్లు ఒక్కొక్కటే డబ్బాలో సర్దుతున్నాడు. ఆమె నడక వినే విషయం తెలిసిపోయినట్టుంది. తలెత్తలేదు.

“చెప్పేశాడా?”

“చెప్పాడు. మీరెందుకు చెప్పలేదు?”

“ఏం చెప్పను? కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. వాడు లాగగానే మళ్ళీ లేవాల్సింది. లేవలేకపోయాను. ఆ తప్పు నాదేగా.”

“అది కాదు. ఇష్టం లేదని అబద్ధం ఎందుకు చెప్పారు? నేను ఎన్నేసి మాటలన్నాను మిమ్మల్ని!”

“అనాలనే చెప్పాను.”

ఆయన కళ్ళజోడు తీశాడు. కళ్ళజోళ్ళు అమ్మే మనిషి కాబట్టి కాబోలు, అది లేని ఆయన మొహం ఎప్పుడూ ఆమెకు కొత్తగానే ఉంటుంది.

“నా మీద కోపం వస్తే నువ్వు వెళ్తావు. నాకు తెలుసు. పంతం నీకు. లాగింది వాడని తెలిస్తే వాడి మీద నీకు జాలేస్తుంది. వాడు వెళ్ళనీ, నాదేముందిలే అంటావు. పెట్టె మళ్ళీ అటకెక్కిస్తావు.” డబ్బా మూత పెట్టాడు. “ఇప్పుడు తెలిసిపోయింది. చెప్పు, ఆగిపోతావా?”

ఆగను అనడానికి పిన్ని నోరు తెరిచింది. ఇందాక ఇదే గదిలో ఎంత తేలిగ్గా వచ్చిన మాట! ఇప్పుడు ఎంతకీ రాలేదు. ఆయన ఆమె జవాబు కోసం చూస్తున్నాడు. లోపలి గదిలో కొడుకు ఆమె పెట్టె తాడు బిగిస్తున్నాడో, విప్పుతున్నాడో, చప్పుడు మాత్రం వినిపిస్తోంది.